సారు పరుపు మీద మా పిల్లి సంతకం

నా ముక్కు చూడ్డానికి బాగుంటుంది. పెళ్లిచూపుల్లో మా అత్త మెచ్చుకున్నది దాన్నే. వాసన పట్టడం మాత్రం ఎప్పుడో మానేసింది. దాదాపు నలభై ఏళ్లుగా దూది ఏకుతున్నవాడి ముక్కు అది. ఎంత రుమాలు కట్టుకున్నా దూది దుమ్ము లోపలికి పోయి అక్కడే కాపురం పెడుతుంది. అన్నం మాడినా, పాలు పొంగినా, పక్కింట్లో చేపల పులుసు కాగినా నాకు ఒకటే. "మా ఆయనకు వండుడు, గోడకు వండుడు ఒకటే" అని నా భార్య వీధిలో అందరికీ చెబుతుంది.

ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. కిందటి చలికాలం మా ఊళ్లో ఒక పెద్దమనిషి నా వల్ల తల దించుకోవాల్సి వచ్చింది. ఆ పాపంలో ఒక వంతు ఈ ముక్కుది, ఒక వంతు మా పిల్లిది. మిగిలిన వంతు నా నోటిది, తెరుచుకోవాల్సినప్పుడు తెరుచుకోనందుకు. జర నోరు ముయ్యరా అని ఊరంతా మొత్తుకున్నా ముయ్యని మనిషిని నేను. ఆ ఒక్కసారే మూసుకున్నాను. అదే తప్పయింది.

ఇబ్రహీంపట్నం బస్టాండు నుంచి నాలుగు అడుగులేస్తే మా దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో గచ్చు వాకిలి. పరుపులు, దిండ్లు కుడతాం. పాత పరుపులు తెస్తే విప్పి, దూదిని వాకిట్లో ఎండబెట్టి, మిషన్‌లో ఏకి, కొత్త గుడ్డలో నింపి కుట్టి ఇస్తాం. చుట్టూ పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు ఇళ్లయ్యాయి, ఆ ఇళ్లన్నిటిలోకీ స్పాంజి పరుపులు పోయాయి. అయినా నాకు ఫికర్ లేదు. స్పాంజి మీద రెండేళ్లు పడుకున్నవాడు నడుం పట్టుకుని తిరిగి నా దగ్గరికే వస్తాడు.

మా పనిలో జనానికి ఒకటే అనుమానం: దూది మార్చేస్తామని. తెచ్చింది బూరుగు దూది అయితే మరీ. కొందరు మిషన్ పక్కన కుర్చీ వేసుకుని, దుమ్ముకి తుమ్ముతూ, "నా దూది నాకే రావాలె" అని కాపలా కూర్చుంటారు. ఈ బాధ పడలేక మా బాపు ఒక పద్ధతి పెట్టాడు. కొత్త పరుపు కుట్టాక దాన్ని చాపలా చుట్టి, విప్పిన పాత గుడ్డనే పైన కప్పి, తాడేసి కట్టి, గోడకు నిలబెట్టాలి. వచ్చినవాడు తన పాత గుడ్డను, దాని మీద తన ఇంటి మరకలను చూసుకుని "అవ్, గిది మనదే" అని తృప్తిగా భుజానికెత్తుకుని పోతాడు. గుడ్డ తనదైతే లోపలి దూదీ తనదేనని నమ్మకం. యాభై ఏళ్లుగా ఆ పద్ధతి మాకు మాట రానివ్వలేదు. అంత మంచి పద్ధతే నా కొంప ముంచుతుందని నేనెప్పుడూ అనుకోలేదు.

ఇక పిల్లి. అది మా ఇంటికి దూది బస్తాలో వచ్చింది. బస్తా విప్పితే లోపల గుప్పెడు పసుప్పచ్చటి దూది మియ్యావ్ అంది. మాకు ఒక్కతే కూతురు. ఆ ఏడే పెళ్లయి మహేశ్వరం పోయింది. ఖాళీ అయిన చోట నా భార్య ఆ పిల్లిని కూర్చోబెట్టుకుంది. "మా పిల్లోడు" అంటుంది. నాకు పెట్టని పెరుగు మీగడ వాడికి పెడుతుంది. ఏడాది తిరిగేసరికి వాడు దిండంత అయ్యాడు.

ఒక రోజు పొద్దున నా భార్య చీపురు పట్టుకుని వాకిట్లో నిలబడి గాలి పీల్చింది.

"ఏందో వాసనొస్తుంది."

"నాకు రాలే" అన్నాను.

"నీకెప్పుడొచ్చింది గనక! నిన్ను అడుగుడు నాదే తప్పు."

ఆ సాయంత్రం ఆవిడ కళ్లారా చూసింది. మా పిల్లోడు షట్టర్ పక్క గోడకు వీపు పెట్టి నిలబడ్డాడు. తోక జెండా కర్రలా లేపాడు. తోక కొస గజగజ వణికింది. వెనక నుంచి సన్నగా ఒక తుంపర గోడకు తగిలింది. ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు వచ్చి ఆవిడ కాళ్లకు తల రుద్దాడు.

అప్పటి నుంచి మా ఇంట్లో యుద్ధం. ఆవిడ మొదటి ఆయుధం ఫినాయిల్. రోజూ పొద్దునా సాయంత్రం గోడలు కడిగింది. ఎంత కడిగితే వాడు అంత చిమ్మాడు. తర్వాత ఎవరో చెప్పారని గోడల వెంట కారం పొడి చల్లింది. చల్లినట్టు నాకు చెప్పలేదు. నేను యథాప్రకారం ఏకే మిషన్ స్విచ్ వేశాను. ఆ మిషన్ గాలి మీకు తెలియదు. ఒక్క నిమిషంలో కారం దుకాణం దాటి, రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న మిర్చి బజ్జీల బండి దాకా పోయింది. బండి చుట్టూ నిలబడి తింటున్నవాళ్లంతా ఒకేసారి తుమ్మారు. బజ్జీల ఆయన కళ్లు తుడుచుకుంటూ వచ్చి, "అన్నా, నా దగ్గర మిర్చి కొని తింటరు గని, నువ్వు గిట్ల పుక్యానికి పంచితే నేనెట్ల బతకాలె?" అన్నాడు. పిల్లి మాత్రం గుమ్మటం లాంటి పరుపు చుట్ట మీద కూర్చుని మమ్మల్ని చూస్తూ మూతి నాక్కుంది. దానికి ఒక్క తుమ్ము కూడా రాలేదు.

సరిగ్గా ఈ యుద్ధం మధ్యలో మా సారు పరుపు మా దుకాణానికి వచ్చింది.

సారు అంటే నాకు ఏడో తరగతి దాకా లెక్కలు చెప్పిన సారు. ఏడు దాటి నేను పోలేదు. బాపుకు మిషన్ దగ్గర రెండో మనిషి కావాల్సి వచ్చింది, నాకు లెక్కల నుంచి తప్పించుకునే దారి కావాల్సి వచ్చింది, ఇద్దరి అవసరం ఒకే రోజు తీరింది. బడిలో సారు నన్ను లేపి నిలబెట్టి ఎప్పుడూ ఒకటే మాట అనేవాడు: "నీ తలకాయల దూది ఉన్నదిరా." ఆయన తిట్టాడని మిగతా పిల్లలు నవ్వారు. నేనేమో దారి చూపించాడనుకున్నాను. ఈ మాట ఆయనతో అన్నప్పుడల్లా మీసాల్లో నవ్వుతాడు. రిటైరై చాలా కాలమైంది. భార్య పోయింది. కొడుకు కొంగరకలాన్‌లో జిల్లా ఆఫీసులో పని చేస్తాడు. ఇంట్లో పెత్తనమంతా కోడలిది. చాలా శుభ్రం మనిషి. చెప్పులు గేటు బయటే విడవాలి, కాళ్లు కడుక్కోవాలి, పిల్లినీ కుక్కనీ గడప తొక్కనివ్వదు.

సారు పరుపు విప్పి, ఎండబెట్టి, ఏకి, కుట్టి, పాత గుడ్డ చుట్టి గోడకు నిలబెట్టాను. మర్నాడు కొడుకొచ్చి బండి మీద తీసుకుపోయాడు.

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం సారు స్వయంగా వచ్చాడు. దుకాణంలో ఇంకెవరూ లేరని చూసుకుని స్టూలు మీద కూర్చున్నాడు. చేతికర్రను ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"ఏంది సార్, లెక్క తప్పిందా?" అన్నాను.

"అవ్ రా, తప్పింది." నవ్వలేదు. "రెగ్జిన్ గుడ్డ ఉన్నదా నీ దగ్గర?"

"ఉన్నది. ఎవ్వలికి సార్, చంటిపిల్లలున్నరా ఇంట్ల?"

సారు కర్ర వైపు చూశాడు. "నాకే. పరుపు మీద పరుసుకుంటందుకు. ఈ నడుమ... పండుకున్నంక తెలుస్తలేదు. పొద్దుగాల లేస్తే తడి ఉండది, ఆరిపోతుందేమో. వాసన మాత్రం ఉంటుంది. కోడలు కనిపెట్టింది. ఏమనలే పాపం. ఆరు దాటినంక చాయ్ బంద్ పెట్టింది. మంచినీళ్లు గూడ సగం గిలాసే."

ఇంకొకరైతే నేను పది జోకులు వేసేవాణ్ని. సారు చాయ్ తాగే తీరు నాకు తెలుసు. రిటైరయ్యాక ఆయనకు మిగిలిన ఒక్క షోకు అది. సాయంత్రం ఆరున్నరకు అరుగు మీద కూర్చుని, గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని, రోడ్డు మీద పోయేవాళ్లలో పాత విద్యార్థులను గుర్తుపట్టి, వాళ్లకు వచ్చిన మార్కులు చెబుతూ తాగుతాడు. ఆ గ్లాసు ఆగిపోయిందట.

"మా ఇంటోళ్లు లేనప్పుడొచ్చి కొలత తీస్కపో. రేపు పదకొండుకు కోడలు బజారుకు పోతది" అని చెప్పి, వచ్చినట్టే గోడ వారగా పోయాడు.

మర్నాడు నా భార్యను కూడా తీసుకెళ్లాను, టేపు రెండో కొస పట్టుకోవడానికి. మేం సారు గదిలో అడుగుపెట్టగానే మంచం మీద నుంచి నల్లగా ఏదో లేచి కిటికీలోంచి దూకింది. బొద్దు తలకాయ, చిరిగిన చెవి, పెద్ద గండు పిల్లి.

"నువ్వేం చూడలే" అన్నాడు సారు వెంటనే.

"చూడలే సార్."

"పొద్దంతా ఒక్కణ్నే ఉంట గదరా. అదొచ్చి పక్కన పంటది. ఎన్నో ఏండ్ల నుంచొస్తుంది. కోడలికి చెప్పకు."

కొలత తీసుకున్నాం. నా భార్య టేపు కొస పట్టుకుని వంగింది. వంగినది లేవలేదు. ముక్కు పరుపుకు ఆనించి ఒకసారి, రెండుసార్లు పీల్చింది. నా మొహం చూసింది.

దారిలో సందు మలుపు తిరగ్గానే ఆపింది.

"గది మనిషి వాసన కాదయ్యా. మన పిల్లోని వాసన. నేను దినాం కడుగుతున్న, నాకు తెల్వదా? గోడకు నిలబెట్టినప్పుడు కొట్టిండు."

"ఆ నల్లదాని వాసనేమో?"

"నల్లదాని వాసన పైపైన ఉన్నది. మన వాసన పైన చుట్టిన గుడ్డ దాటి కుట్టుల్లకు దిగింది. పద, వాపస్ పోయి సారుకు చెప్దాం."

నేను చెప్పలేదు. ఎందుకో చెబితే మీరు నన్ను తిడతారు, తిట్టండి. ఈ సంగతి బయటికి పొక్కితే ఊళ్లో నా దగ్గర పరుపు చేయించుకున్న ప్రతివాడూ తన పరుపు వాసన చూసుకుంటాడు. ప్రతి ఇంట్లో పసిపిల్లాడో ముసలాయనో ఉంటారు, ప్రతి పరుపుకూ ఏదో ఒక వాసన ఉంటుంది. అవన్నీ మా పిల్లి ఖాతాలోకి వస్తాయి. "ఊకో, పరుపు వాపస్ తెచ్చి కొత్తగ చేసిస్తా. వాసన పోతది, సారుకు చాయ్ వస్తది, ఎవ్వలికీ ఏం తెల్వది" అన్నాను.

"నువ్వు మంచిగ చేస్తున్ననుకుంటున్నవ్ గని, ఆ ముసలాయన తనే పోస్తున్న అనుకుంటుండు" అంది ఆవిడ.

రెగ్జిన్ ఎందుకు, కొత్తగా చేసిస్తానని సారుకు చెప్పి పరుపు తెప్పించాను. దూదిని మూడు రోజులు ఎండలో పోశాను. కొత్త గుడ్డ వేశాను. దబ్బనం పట్టుకుని నా చేత్తో కుట్టాను, ఏ పరుపుకూ వేయనంత దగ్గర కుట్లు. సారు కోడలు అనుమానించకుండా పాత గుడ్డ చుట్టి, తాడు కట్టి, గోడకు నిలబెట్టి, పిల్లిని ఇంట్లో పెట్టి తలుపు గడియ వేసి పడుకున్నాను. తెల్లారి మా ఆవిడ పాలకు లేచి తలుపు తీసినప్పుడు వాడు సందు చూసుకుని దుకాణంలోకి వెళ్లిన సంగతి మాకు తర్వాత తెలిసింది. నేను పరుపు భుజాన వేసుకుని, నా ముక్కును నమ్ముకుని, సారు ఇంటికి పోయి ఇచ్చి వచ్చాను.

రెండో రోజే సారు మళ్లీ వచ్చాడు. ఈసారి కూర్చోలేదు.

"నీ తప్పేం లేదురా" అన్నాడు. "మంచిగ చేసిచ్చినవ్. కొత్తది గూడ పాడు చేసిన నేను. అబ్బాయి పట్నం దవాఖానకు తీస్కపోతా అంటుండు. అయిపోయింది నా పని."

వెళ్లిపోయాడు. మాకు లెక్కలు చెప్పినాయన, తప్పు చేసినవాణ్ని ఒక్క చూపుతో పట్టేసేవాడు, నా తప్పు తన నెత్తిన వేసుకుని నాకే ధైర్యం చెప్పి పోయాడు.

నా భార్య వాకిలి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. లోపలికి పోయి గోడకు నిలబెట్టి ఉన్న మిగతా నాలుగు పరుపులనూ వరసగా వాసన చూసింది.

"వీటికేం లేదు. సారు దానికే రెండు సార్లు కొట్టిండు. ఎందుకు?"

"నాకు లెక్కలు చెప్పిండని పగ వట్టిండేమో."

"నీ నోట్ల మన్నువడ. పద, పిల్లోణ్ని దవాఖానకు తీస్కపోదాం."

ఊళ్లోని పశువుల దవాఖానలో మా ముందు రెండు బర్రెలు, ఒక మేక ఉన్నాయి. అక్కడి వాళ్లు మా సంచీలోకి తొంగిచూసి, పిల్లుల పని మీర్‌పేట్‌లో బాగా చేస్తారని చెప్పారు. సంచీ నేనే కుట్టాను, పరుపు గుడ్డతో, గాలి ఆడటానికి దోమతెర ముక్క వేసి. బస్సులో కండక్టర్ అది కదలడం చూసి, "ఏముందన్నా సంచిల?" అన్నాడు. "మా పిల్లోడు" అంది నా భార్య. సంచీ లోంచి పిల్లోడు ఒక మాట అన్నాడు. కండక్టర్ ముందుకు పోయినవాడు మీర్‌పేట్ వచ్చేదాకా మా వైపు రాలేదు.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. పిల్లిని బల్ల మీద పెట్టి పొట్ట నొక్కి చూసింది.

"మగది. ఏడాది దాటింది. ఆపరేషన్ అయ్యిందా?"

"నాకయ్యింది మేడం. దానికి కాలే."

నా భార్య నా తొడ గిల్లింది. డాక్టరమ్మ నవ్వు ఆపుకుని ఒక్కొక్కటే అడిగింది. కూర్చుని పోస్తుందా, నిలబడి వెనక్కి చిమ్ముతుందా? నేల మీదా, గోడ మీదా? తోక కొస వణుకుతుందా? ఎక్కువా, కొంచెమా? నా భార్య అన్నిటికీ టకటకా జవాబులు చెప్పింది. నేను బడిలో ఏనాడూ చెప్పలేదు అట్లా.

"అయితే ఇది రోగం కాదు, పొగరు కాదు" అంది డాక్టరమ్మ. "మూత్రానికి మాటిమాటికి పోయి ముక్కినా, నెత్తురు పడ్డా, అస్సలు రాకపోయినా అది రోగం. మగ పిల్లికి అట్లయితే ఆ పూటే తీస్కరావాలె, ప్రాణం మీదికొస్తది. ఇది చేసేది వేరే. ఇది సంతకం పెడుతుంది. ఈ జాగ నాది అని రాసుకుంటుంది."

ఏడో తరగతి దాటని నా ఇంట్లో ఇంత రాసేవాడు పుట్టాడని నాకు కొంచెం గర్వం కలిగింది. ఆ మాట పైకి అన్నాను. ఇంకో గిల్లు పడింది.

"మీరు ఫినాయిల్ పెట్టి తుడిచినప్పుడల్లా దాని సంతకం చెరిగిపోతుంది, పైగా కొత్త ఘాటు వాసన వస్తుంది. దానికి భయమైతది, మళ్ల పెడతది. కొట్టినా, అరిచినా అంతే, ఇంకా ఎక్కువ చేస్తది. సబ్బు నీళ్లతోని కడగండి, వెనిగర్ కలిపిన నీళ్లతోని తుడవండి, ఆరినంక తినే సోడా చల్లి దులపండి. ఇంట్ల ఒక మూలకు ఇసుక తొట్టి పెట్టి దినాం శుభ్రం చెయ్యండి. ఆపరేషన్ చేయిస్తే ఇది తగ్గుతది, గని వెంటనే ఆగదు, కొన్ని వారాలు పడుతది. ఓపిక పట్టాలె." తర్వాత ఆగి అడిగింది. "ఎక్కడ ఎక్కువ కొడుతుంది? వేరే పిల్లి వచ్చే జాగ గాని, వేరే పిల్లి వాసన ఉన్న సామాను గాని ఉన్నదా?"

నేనూ నా భార్యా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నల్ల గండు పిల్లి ఏళ్ల తరబడి సారు పరుపు మీద పడుకుంటోంది. ఆ వాసనంతా పాత గుడ్డలో ఉంది. దూదిని ఎండబెట్టాను, ఏకాను, కొత్త గుడ్డ వేశాను, ఆ తర్వాత అదే పాత గుడ్డ తెచ్చి పైన చుట్టాను. పోయి పోయి పోటీగాడి జెండాను మా వాడి ఇంట్లో, మా వాడి ఎత్తుకు సరిపోయేలా, నిలువుగా పాతింది నేనే. వాడు ఊరుకుంటాడా? మా బాపు పద్ధతి మనుషుల అనుమానానికి మందు. పిల్లుల సంగతి ఆయనకు తట్టలేదు.

ఆపరేషన్‌కు రోజు రాయించుకుని వచ్చాం. బస్సు దిగాక నా భార్య సంచీ తీసుకుని ఇంటికి మళ్లింది. నన్ను చూసి, "నువ్వెటు?" అంది.

"సారు ఇంటికి."

"కోడలు ఉంటది ఈ యాళ్లకు."

"ఉండాలె గద" అన్నాను.

సాయంత్రం అప్పుడే ఆరు దాటింది. సారు అరుగు మీద ఉత్త చేతులతో కూర్చుని ఉన్నాడు. గ్లాసు లేకపోతే ఆయన చేతులు ఏం చేయాలో తెలియక మోకాళ్ల మీద అటూ ఇటూ కదులుతున్నాయి. చెప్పులు గేటు బయట విడిచి, కాళ్లు కడుక్కుని పోయాను. కోడలు గుమ్మంలోకి వచ్చింది.

"చెల్లె, ఒక మాట చెప్పాలె. మధ్యల నవ్వకు, నవ్వితే నాకు గూడ నవ్వొస్తది, చెప్పలేను. సారు మంచిగున్నడు. పరుపు పాడు చేసింది మా పిల్లి. రెండు సార్లు. మొదటిసారి నాకు తెల్వది. రెండోసారి తెలిసి గూడ నేను చెప్పలే. ఇజ్జత్ పోతదని."

కోడలు నవ్వలేదు. నన్ను ఎగాదిగా చూసింది.

"అంటే, ఇన్ని దినాలు నేను మామకు చాయ్ బంద్ పెట్టింది నీ పిల్లి ఉచ్చకా?"

"అవ్ చెల్లె."

"మంచినీళ్లు గూడ సగం గిలాసే ఇచ్చిన!"

"అవ్."

"ఊర్ల గన్ని పరుపులుంటే మా మామదే దొరికిందా నీ పిల్లికి?"

ఇక్కడ సారు కర్ర టక్కున నేలకు తగిలింది. ఆయన నన్ను చూశాడు. లెక్కల పరీక్షలో పక్కవాడి పేపర్ చూసేవాణ్ని చూసే చూపు కాదు. కాపీ కొడుతూ తానే దొరికిపోయిన పిల్లాడిలా చూశాడు. నల్ల పిల్లి మాట నా నాలుక కొస దాకా వచ్చింది. నిజానికి అదే అసలు కారణం, చెబితే నా తప్పు సగానికి తగ్గేది.

"దాని తలకాయల దూది ఉన్నది చెల్లె. ఎందుకు చేస్తదో ఎవ్వలికి ఎరుక" అన్నాను.

కోడలు మామ వైపు తిరిగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. లోపల స్టవ్ వెలిగిన చప్పుడైంది. గిన్నె పెట్టిన చప్పుడైంది.

సారు రోడ్డు వైపు మొహం తిప్పుకున్నాడు. కళ్లు తుడుచుకున్నాడా, కళ్లజోడు సర్దుకున్నాడా నాకు సరిగ్గా కనిపించలేదు.

"చెవి వట్టుకో" అన్నాడు.

"సార్, నాకు యాభై నిండినయ్."

"వట్టుకో."

రోడ్డు మీద పోయేవాళ్లు చూస్తుండగా పట్టుకున్నాను. కోడలు చాయ్ తెచ్చింది, రెండు గ్లాసులు. నేను ఒక చెయ్యి తీసి అందుకోబోయాను. "రెండూ నాకే" అన్నాడు సారు.

కోడలు ట్రే పట్టుకుని అక్కడే నిలబడింది. "మామా, ఇంకొకటి. ఆ నల్ల పిల్లిని గిట్ల పరుపు ఎక్కనియ్యకుండ్రి. మీ బనీన్ల మీద వెంట్రుకలు నేను చూడలే అనుకుంటున్నరా? గోడ మీద గిన్నెల పాలు నేను పోస్తా. అక్కడ్నే తాగి అక్కడ్నే పోవాలె."

సారుకు చాయ్ పొరమారింది. నేను చెవి వదిలి వీపు రాశాను.

మా వాడి ఆపరేషన్ అయింది. డాక్టరమ్మ చెప్పినట్టే వెంటనే ఆగలేదు. మూడు వారాల పాటు వాడు అలవాటు కొద్దీ గోడ దగ్గరికి పోయి తోక లేపేవాడు, ఎందుకొచ్చానో గుర్తురాని మనిషిలా కాసేపు నిలబడి, దించుకుని వచ్చేసేవాడు. ఒకటి రెండు సార్లు చిమ్మాడు కూడా. నా భార్య అరవకుండా సబ్బు నీళ్లతో కడిగింది. షట్టర్ కింద సందులోంచి వీధి పిల్లులు కనిపించకుండా నేను ఒక పట్టీ కొట్టాను. చలి తగ్గేసరికి మా గోడలు పొడిగా ఉన్నాయి. ఆ సంగతి నా ముక్కుకు తెలియదు. నా భార్య ఫినాయిల్ సీసా పక్కింటికి ఇచ్చేయడం చూసి తెలుసుకున్నాను.

సారు పరుపు మూడోసారి కుట్టాను. పూర్తయ్యాక, చేతులు వాటంతట అవే పాత గుడ్డ కోసం పోయాయి. అప్పుడే దుకాణంలోకి వచ్చిన సారు కర్ర అడ్డం పెట్టాడు.

"చుట్టకు. గుడ్డ పారెయ్. పరుపు ఇప్పి నెత్తి మీద వెట్టుకో. బజార్లకెళ్లి పోదాం."

"సార్, ఆటో తెస్తా."

"నడిచే పోదాం. అందరు చూడాలె."

ఊళ్లో అప్పటికే అందరికీ తెలిసిపోయింది, నేను చెవి పట్టుకున్న రోజే. అటుగా పోతూ చూసిన బజ్జీల ఆయన ఊరుకుంటాడా? నా దుకాణానికి నేను భయపడ్డంత నష్టమేమీ జరగలేదు. పరుపులు ఇవ్వడానికి వచ్చినవాళ్లు పిల్లిని చూపించమని అడిగి, చూసి, "గిదేనా?" అని పోయేవాళ్లు, అంతే. తమ పరుపుల వాసన చూపించుకోవడానికి మాత్రం కొందరు వచ్చారు. ఆ పని నా భార్య చేసింది. "ఇది మా పిల్లిది కాదు, మీ ఇంట్ల ఎవ్వల్నో అడుగుండ్రి" అని మొహం మీదే చెప్పి పంపింది.

సారు ముందు నడిచాడు, నేను వెనక. పరుపు తెల్లగా, ఒక్క మరక లేకుండా, నా తల మీద నాలుగు వైపులా వేలాడుతోంది. నాకు ముందు దారి కనిపించడం లేదు, సారు కర్ర చప్పుడును బట్టి నడుస్తున్నాను. బజ్జీల బండి దాటాం, బస్టాండు దాటాం. చాయ్ హోటల్ దగ్గర కర్ర చప్పుడు ఆగింది. నేనూ ఆగాను.

"గడియారం ఎంతయ్యిందిరా?"

నా తల మీద పరుపు ఉంది, నా చేతులు పరుపు మీద ఉన్నాయి. "నాకేం కనవడుతది సార్?"

"ఆరున్నర" అన్నాడు ఆయనే. బల్ల జరిపిన చప్పుడు, ఆయన కూర్చున్న చప్పుడు వినిపించాయి. "ఒక చాయ్. పెద్ద గిలాస."

"నాకు సార్?"

"నువ్వు పరుపు వట్టుకో."

ఆయన తీరిగ్గా తాగాడు. దారిన పోయేవాళ్లను ఒక్కొక్కరినే పిలిచి మార్కులు చెప్పాడు. తర్వాత ఇంకొకటి తెప్పించుకున్నాడు.